మాష్టారి కారు వెనుక దీపాలు

మా డ్రాయింగు మాష్టారు పోయారన్న కబురు నాకు పని మధ్యలో చేరింది. ఒక కొత్త కారు బానెట్టు మీద, పెయింటుకు గీతలు పడకుండా అతికించే పారదర్శకమైన ఫిల్మును పరుస్తున్నాను. సబ్బునీళ్ల తడి ఉన్నంతసేపే ఆ ఫిల్ము మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆరితే ఎక్కడిదక్కడ కరుచుకుపోతుంది. ఫోను చేసినవాడు నాతోపాటు చదువుకున్న మిత్రుడు, ఇప్పుడు హైస్కూలు ఎదుట మందుల షాపు నడుపుతున్నాడు. "మాష్టారు పోయార్రా. కాఫీ తాగి పేపరు చూస్తూ, కుర్చీలోనే" అన్నాడు. వస్తున్నానన్నాను. అని, ఫోను జేబులో పెట్టుకుని, రబ్బరు పట్టీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. అంచుల దాకా నీటిని తోసి, ఎక్కడా బుడగ మిగలకుండా ముగించి, చేతులు కడుక్కుని, అప్పుడు బయల్దేరాను.

ఆయనే ఉండి ఈ సంగతి వింటే, నేను చేసింది సబబే అనేవారు. తడిని సగంలో వదిలి లేచే విద్యార్థిని ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు. అయినా ఆ కాస్త ఆలస్యం నన్నింకా గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే ఆయన విషయంలో సబబైన పని చేసి కూడా తప్పు చేసినవాణ్ని కావడం నాకది మొదటిసారి కాదు. ఆయన పాత విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆయన గొప్పతనం చెప్పడం ఒక్కటే అయితే, నాకన్నా బాగా రాయగలవారు తిరువూరులో చాలామంది ఉన్నారు.

ఈ ఊళ్లో ఒక తరం పిల్లలకు ఆయన తెలుసు. డ్రాయింగు పీరియడంటే పరీక్షలు దగ్గర పడగానే లెక్కలకో సైన్సుకో అప్పగించేసే పీరియడు. ఆయన అభ్యంతరం చెప్పేవారు కాదు. వెనుక బల్ల మీద మాతోపాటే కూర్చుని, బోర్డు దగ్గర పాఠం చెబుతున్న లెక్కల మాష్టారి బొమ్మ గీసేవారు. గంట కొట్టాక దాన్ని ఆయన చేతికే ఇచ్చి, "మీరు నా పీరియడు తీసుకున్నారు, నేను మీ ముక్కు తీసుకున్నాను. చెల్లుకు చెల్లు" అనేవారు. ఆ లెక్కల మాష్టారి ఇంట్లో ఇప్పటికీ గోడకు ఉన్నది ఫొటో కాదు, ఆ బొమ్మే.

చొక్కా కుడిచెయ్యి మాత్రమే మోచేతి దాకా మడిచేవారు. ఎడమచెయ్యి గుండీ పెట్టే ఉండేది. ఎందుకండీ అలా అని ఎవరో అడిగితే, కుడిది పనికి, ఎడమది మర్యాదకు అన్నారు. రంగు కలిపిన పళ్లేన్ని ఎండకు పట్టి చూసేవారు. నచ్చకపోతే పారబోసేవారు కాదు, మరో గిన్నెలో దాచేవారు. ఏ రంగూ చెడిపోదని, దానికి తగిన బొమ్మ ఇంకా రాలేదని ఆయన నమ్మకం.

నాకు బొమ్మలు వచ్చేవి కావు. నా చేతిలో గీత నిలిచేది కాదు. కానీ పుస్తకాలకు అట్టలు వేయడం, పటాలకు అట్టముక్క అతికించడం శ్రద్ధగా చేసేవాణ్ని. తరగతి అంతా తలా ఒక గుర్రాన్ని గీసి చూపించిన రోజున, నా గుర్రాన్ని చూసి అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కాగితాన్ని తిప్పి, నేను దాన్ని అట్టకు అతికించిన తీరు చూశారు. వేలితో అంచులు తడిమారు. "గుర్రం రాకపోతే ఏంరా, అతికించడం వచ్చుగా. లోకంలో సగం పని అతికించడమే" అన్నారు. నేను ఈనాడు చేస్తున్న పనికి మొదటి రోజు అదే. తర్వాత విజయవాడలో పని నేర్చుకుని వచ్చి విస్సన్నపేట రోడ్డులో షాపు పెట్టినప్పుడు, మిషను మీద అక్షరాలు కత్తిరించుకోగలిగిన నాకు, నిచ్చెన ఎక్కి కుంచెతో బోర్డు రాసిచ్చారు. "మొదటి బోర్డు మిషను రాయకూడదు" అన్నారు.

ఆయన కారు కొన్నది ఉద్యోగం విరమించాక, అమ్మగారి మోకాళ్ల కోసం. ఆమెను మేమంతా అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ అక్కగారు విస్సన్నపేటలో ఉంటారు. ఆ అక్కగారు మంచం దిగలేరు. వారానికోసారి అక్కను చూసి రావడం అమ్మగారికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. బస్సు మెట్లు ఎక్కలేని రోజు వచ్చింది. షేరు ఆటోలో కాళ్లు ముడుచుకుని కూర్చోలేని రోజూ వచ్చింది. అప్పుడు మాష్టారు ఎవరో వాడి అమ్మిన చిన్న కారు కొని, అరవై దాటాక డ్రైవింగు నేర్చుకున్నారు. క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు మూడింటినీ పెద్ద కాగితం మీద బొమ్మ గీసి వంటింటి గోడకు అంటించుకున్నారు. ఆవిడ పోపు వేస్తుంటే ఆయన స్టూలు మీద కూర్చుని గాలిలో పాదాలు కదిపేవారట. "ఇల్లు కదల్లేదు గానీ, వంకాయలు మాడాయి" అని ఆవిడే చెప్పి నవ్వించేవారు.

నేర్చుకున్నారే గానీ, భయం పోలేదు. ఆయన కుడికాలు యాక్సిలరేటరు మీదకన్నా బ్రేకు మీదే ఎక్కువసేపు ఉండేది. దూరాన కోడి కనబడినా, ఎదురుగా లారీ మలుపు తిరుగుతున్నా, మలుపే కనబడినా బ్రేకే. వెనుక లైట్లు వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం. వెనుక హారన్లు. టీ బంకు దగ్గర షేరు ఆటోల వాళ్లు ఆయన్ను ఆటపట్టించేవారు. "మాష్టారి బండి వెనకాల పడ్డామంటే మాకు రోజూ దీపావళేనండి" అని ఒకడంటే, ఇంకొకడు టపాకాయలు మేమే తెస్తామనేవాడు. అందరూ ఆయనంటే ఇష్టమున్నవాళ్లే. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వేవారు. నేను ఆ నవ్వు చూశాను. ఆయనకు అది బాధ కాదనుకున్నాను.

ఇక నా పని సంగతి చెప్పాలి. కారు వెనుక లైట్ల మీద పొగరంగు ఫిల్ము అతికించమనో, స్ప్రే కొట్టమనో అడిగేవారు నా దగ్గరికి తరచూ వస్తారు. లైటు ఆరి ఉన్నప్పుడు నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కారుకు ఒక పొగరు వచ్చినట్టుంటుంది. ఆ మోజు నాకు అర్థమవుతుంది. కానీ నేను వేయను. మొదటినుంచీ అది నా పద్ధతి. కోపగించుకోను, ఎగతాళి చేయను. కూర్చోబెట్టి, ఎందుకు వేయనో ఓపిగ్గా చెబుతాను. ఇష్టం లేకపోతే మరో షాపుకు వెళ్తారు, వెళ్లనీ.

ఒక మధ్యాహ్నం మాష్టారు నా షాపు ముందు కారు ఆపారు. ఆపడమంటే, కొంచెం ఆపి, కొంచెం కదిపి, మళ్లీ ఆపారు. దిగి వెనక్కి నడిచి, లైటు మీద చెయ్యి పెట్టారు.

"ఒరే నాయనా, వీటికి కాస్త నలుపు పడుతుందేమో చూడు. కుర్రాళ్లు వేయించుకుంటున్నారుగా."

"అది వద్దండి మాష్టారూ" అన్నాను.

వద్దని ఊరుకోలేదు. ఆయనకు కుర్చీ వేసి, అందరికీ చెప్పేదే ఆయనకూ చెప్పాను. ఆ ఎరుపు ఉన్నది మన కారు అందానికి కాదని, వెనుక వచ్చేవాడి కాలు కోసమని. వాడి కంట్లో ఎరుపు పడ్డాకే వాడి పాదం కదులుతుందని. ఫిల్ము వేస్తే రాత్రిపూట సంగతి అటుంచి, మన మిట్టమధ్యాహ్నపు ఎండలో లైటు వెలిగిందో లేదో కూడా తెలియదని. ఫిల్ము ముక్క ఒకటి తీసి, టేబులు మీదున్న బల్బుకు అడ్డం పెట్టి చూపించాను. ఆయన మంచి విద్యార్థిలా ముందుకు వంగి చూశారు.

"బాగా చెప్పావురా. బడిలో నేను కూడా ఇంత విడమర్చి చెప్పలేదు" అన్నారు.

అని వెంటనే వెళ్లలేదు. లేచి, బయట నిలబడి, తాను రాసిన బోర్డు వైపు తలెత్తి చూశారు. అక్షరాలు వెలిశాయని, వానలు తగ్గాక వచ్చి దిద్దుతానని అన్నారు. రోడ్డు వైపు చూశారు. ఇంకా ఏదో అనబోతున్నట్టు నా వైపు తిరిగారు. లోపల ఎవరో పిలిస్తే నేను వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన కారు మెల్లగా, వెలుగుతూ ఆరుతూ, సెంటరు వైపు పోతోంది.

నేను చెప్పినదానిలో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఈరోజు మళ్లీ చెప్పమన్నా అదే చెబుతాను. కానీ అప్పటి నుంచి నా మాటల్లోకి కొత్త వాక్యం ఒకటి చేరింది. లైట్లకు రంగు కావాలని ఎవరొచ్చినా, "మా మాష్టారు అడిగితేనే వెయ్యలేదు, నీకెలా వేస్తానయ్యా" అనడం మొదలుపెట్టాను. ఆ మాటకు బలం ఉండేది. వచ్చినవాళ్లు నవ్వి, వాదన మానేసేవారు. ఆ బలం ఎవరిదో, దాని వల్ల ఎవరికి ఏమవుతుందో నేను ఆలోచించలేదు. చిన్న ఊరు. మాట నా షాపు గడప దాటి టీ బంకు దాకా వెళ్లింది. "మాష్టారికి కుర్రతనం వచ్చింది, కారుకు నల్ల కళ్లజోడు పెట్టిస్తారంట" అని వాళ్లు ఆయన ముఖం మీదే అన్నారని తర్వాత విన్నాను. ఆ రోజు కూడా ఆయన నవ్వారట. ఆ తర్వాత టీ బంకుకు రావడం మానేశారు.

కొన్నాళ్లకు ఆయన కారును మార్కెట్టు బయట చూశాను. వెనుక లైట్లు నల్లగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే, ఎవరి పనో చెప్పనక్కరలేకపోయింది. డబ్బా స్ప్రేతో కొట్టింది. కానీ ఎక్కడా కారలేదు, ఎక్కడా ముద్ద కట్టలేదు. పలుచటి పూతలు ఒకదాని మీద ఒకటి, ప్రతిదాన్నీ ఆరనిచ్చి, నడుమ చిక్కగా, అంచులకు వచ్చేసరికి పల్చబడేట్టు వేశారు. ముందు నాకు మెచ్చుకోలు కలిగింది. తర్వాత భయం కలిగింది. ఆయన సంచితో బయటికి వచ్చేదాకా నిలబడి మాట్లాడాల్సింది. పెద్దాయన, నా మాట కాదని చేసుకున్నారు, మొహం మీద ఎలా అంటాం అనుకుని వెళ్లిపోయాను. కుర్రాళ్లకు అంత ఓపిగ్గా చెప్పేవాణ్ని, ఆయన దగ్గర మర్యాద పాటించాను.

మామిడికాయల రోజుల్లో ఒక పగలు, విస్సన్నపేట వెళ్తుండగా, ఆయనకు మేక అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. వెనుక మామిడికాయల ట్రేలతో వస్తున్న ట్రాక్టరు డ్రైవరుకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. అతను బండిని రోడ్డు దింపేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ట్రేలు మాత్రం ఒరిగి, కాయలు దొర్లిపోయాయి. ఆ డ్రైవరు దిగి వచ్చాడట. లోపల పెద్దవాళ్లిద్దరినీ చూసి, తిట్టబోయి మానేసి, "బ్రేకేసినట్టు మాకు తెలియాలి కదండీ పెద్దాయనా" అన్నాడట. మాష్టారు చొక్కా కుడిచెయ్యి మడిచి, అతనితోపాటు రోడ్డు వారన వంగి కాయలేరడం మొదలుపెట్టారు. అమ్మగారు కారులో కూర్చునే, తలుపు తీసి, తన చేతికి అందినవి ఏరి ఒళ్లో వేసుకున్నారు.

ఆ సాయంత్రమే ఆయన లైట్ల మీది రంగు తీసేశారు. కుంచెలు కడిగే థిన్నరుతో తీశారు. జీవితమంతా రంగు తీయడానికి ఆయన వాడింది అదే మరి. కానీ లైటు మీద ఉండేది గాజు కాదు, ప్లాస్టిక్కు. థిన్నరు తగిలితే రంగుతోపాటు దాని నునుపు కూడా పోతుంది, పాలు పోసినట్టు తెల్లబారుతుంది. నల్లటి లైట్లు తెల్లటి లైట్లయ్యాయి. వెలుగు మునుపటిలా బయటికి రాదు. తడిపి వాడే సన్నటి గరుకు కాగితంతో, అదే నీటి కాగితంతో రుద్ది, పాలిష్ పెడితే చాలావరకు తేరుతుంది. ఊళ్లో ఆ పని తెలిసినవాణ్ని నేను. నా దగ్గరికి రాలేదు. ఎలా వస్తారు?

ఆయన కారు మీద పాత దుప్పటి కప్పి ఉందని, విస్సన్నపేట ప్రయాణాలు ఆగిపోయాయని మందుల షాపు మిత్రుడు చెబితే తెలిసింది. వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని పెన్సిళ్లు చెక్కుతున్నారు. లైట్ల మాట ఎత్తాను. ఒక పూట పని, ఇక్కడే చేస్తానన్నాను.

"వద్దులేరా. దాన్నింక బయటికి తీసేదేముంది" అన్నారు.

మరోసారి అడిగాను. మళ్లీ వద్దన్నారు. ఆయన మాట కాదని దుప్పటి తొలగించే చొరవ నాకు లేకపోయింది. కాఫీ తాగి వచ్చేశాను. పాలిష్ డబ్బా నా స్కూటరు డిక్కీలో అలాగే ఉంది. ఇంకోసారి వెళ్లి, అడక్కుండా పని మొదలుపెట్టేయాలని అనుకుంటూనే ఉన్నాను. అమ్మగారు ఆ రోజుల్లో అక్కతో ఫోనులోనే మాట్లాడుకునేవారు. అవతల ఆవిడకు చెవులు సరిగా వినబడవు. కాబట్టి మాట్లాడుకోవడం కన్నా, ఒకరి గొంతు ఒకరు వినడమే ఎక్కువ.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మగారు నాకు కబురు పంపారు. వెళ్లేసరికి కారు మీది దుప్పటి తీసి, మడిచి, అరుగు మీద పెట్టి ఉంది.

"మా అక్క కోడలు బండి నడుపుతుంది నాయనా. వచ్చి తీసుకెళ్తానంటోంది. అక్క నన్ను చూడాలంటోంది. కానీ వెనకవాళ్లకి కనపడకపోతే మాత్రం నేనా బండెక్కను. ఇవి బాగవుతాయా?" అన్నారు.

అవుతాయన్నాను. అక్కడితో నా పని నేను చూసుకుని ఉంటే బాగుండేదేమో. ఉండబట్టలేక, ఆయనెందుకు ఆ నలుపు అంతగా కోరుకున్నారని అడిగాను. ఆయన పోయాక, అప్పుడు అడిగాను.

ఆవిడ నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూశారు. "నీకు తెలుసనుకున్నానే. బ్రేకు మీద కాలేసినప్పుడల్లా వెనక హారన్లు కొడుతున్నారు కదా. ఆ లైటు కనపడకపోతే, తను భయపడుతున్నట్టు ఎవరికీ తెలియదని. అంతే. చిన్నపిల్లాడి ఆలోచన."

ఆవిడే మళ్లీ అన్నారు.

"నీ దగ్గరికొచ్చింది కూడా సగం అందుకే. వాడు ఎందుకని అడుగుతాడు, అప్పుడు చెప్తాను, నాలుగు రోజులు పక్కన కూర్చుని భయం పోగొట్టరా అంటాను అనుకుంటూ వెళ్లారు. నువ్వు లైట్ల గురించి బాగా చెప్పావంట. ఇంటికొచ్చి నాకు కూడా చెప్పారు, బల్బు ముందు చెయ్యి అడ్డం పెట్టి మరీ. నీ మీద కోపమేం లేదు నాయనా ఆయనకి. వాడు చెప్పిందే కరెక్టు అన్నారు."

కోపం ఉండి ఉంటే నాకిప్పుడు తేలికగా ఉండేది. నిందిస్తే తల వంచుకోవచ్చు. కరెక్టు అన్న మాటను ఎక్కడ దించుకోవాలో నాకు తెలియడం లేదు. నేను ఆయనకు చెప్పింది ఎవరికైనా చెప్పేదే. వచ్చింది మాత్రం ఎవరో కాదు, నా గుర్రాన్ని చూసి నవ్వకుండా, కాగితం తిప్పి చూసిన మనిషి. ఆయన నా కాగితం వెనుక చూశారు. నేను ఆయన అడిగినదాని వెనుక చూడలేదు. ఆయన దగ్గర చదువుకున్న మీలో ఎవరికైనా అతికించే విద్యో, గీసే విద్యో వచ్చి ఉంటుంది. ఆ తిప్పి చూసే విద్య నాకు మాత్రం సరిగా రాలేదని ఒప్పుకోవడానికే ఇదంతా రాశాను.

ఆ సాయంత్రం లైట్లు రెండూ విప్పకుండా, చుట్టూ టేపు అంటించి, నీటి కాగితంతో రుద్దాను. ముందు గరుకుది, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది. తెల్లటి నీళ్లు కారుతూ నేల మీద పడ్డాయి. పాలిష్ పెట్టి గుడ్డతో తుడిచేసరికి ఎరుపు పైకి తేలింది. థిన్నరు లోతుగా దిగిన చోట వెంట్రుకల్లాంటి బీటలు కొన్ని మిగిలాయి. అవి పోవు. వెలుగుకు అడ్డం రావు.

బ్రేకు లైటు చూడాలంటే ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇటుకరాయి పెట్టి అదిమి చూస్తానన్నాను. అమ్మగారు వినలేదు. మోకాళ్లు పట్టుకుంటూ, తలుపు ఆసరాతో, డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చున్నారు. అన్నాళ్లూ పక్క సీట్లో కూర్చున్న మనిషి, అటువైపు నుంచి రోడ్డు ఎలా ఉంటుందో చూస్తున్నట్టు కొంచెంసేపు అద్దంలోంచి ముందుకు చూశారు. ఏది తొక్కాలని అడగలేదు. వంటింటి గోడ మీద బొమ్మ ఆవిడకూ వచ్చు.

మునిమాపు వేళ. కారు వెనుక ఇంటి ప్రహరీగోడ, కొత్తగా సున్నం వేసిన గోడ. నేను వెనుక గొంతుక్కూర్చున్నాను. తొక్కండి అన్నాను. గోడ మీద రెండు వైపులా ఎరుపు పడింది. నా చేతుల మీద, తడిసిన నేల మీద, అరుగు మీది దుప్పటి అంచు మీద కూడా పడింది.

"వెలిగాయా?" అన్నారు లోపల్నుంచి.

"వెలిగాయండి."

"వెనకాలవాళ్లకి బాగా కనపడుతోందా?"

"బాగా కనపడుతోందండి, అమ్మగారూ."

ఇక తీసేయొచ్చని నేను అనలేదు. ఆవిడా తీయలేదు. గోడ మీద ఆ ఎరుపు, ఆరకుండా, కదలకుండా, అలాగే ఉంది.